ఏ పనికోసం పుట్టాను? ఆదిభట్ల నారాయణదాసు గారికి దొరికిన జవాబు

ఈ వారం వీడియోలో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి కొంచెమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. దేవుడు నన్ను ఏ పనికోసం పుట్టించాడో ఎలా తెలుస్తుందండీ అని ఇరవైల్లో ఉన్నవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు. ఆ ప్రశ్న వింటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ విజయనగరం మహానుభావుడే.

దాసు గారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి దగ్గర అజ్జాడ అనే పల్లెలో పుట్టారు. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి వేంకటచయనులు. వాళ్ళు పెట్టిన పేరు సూర్యనారాయణ. చిన్నప్పుడే భాగవత పద్యాలు నోటికొచ్చేశాయి. ఒకసారి పుస్తకాల అంగడి దగ్గర భాగవతం కావాలని మారాం చేస్తే, ఇంత పిల్లాడికి ఇదెందుకని అంగడివాడు నవ్వాడట. పిల్లాడు గడగడా పద్యాలు చదివేసరికి, ఆ పుస్తకం ఊరికే ఇచ్చి పంపాడట. ఈ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత చదువు కోసం విజయనగరం వచ్చారు. ఇంగ్లీషు వస్తే సర్కారు కొలువు దొరికే రోజులవి. కుర్రాడికి పాట వచ్చు, పద్యం వచ్చు, జ్ఞాపకశక్తి అమోఘం, మాటకారి కూడాను. మనలో చాలామంది పరిస్థితి ఇదే కదా? అన్నీ కొంచెం కొంచెం వచ్చు, కానీ దేన్ని పట్టుకోవాలో తెలీదు. ఏమీ రానివాడి బాధ ఒక రకం. ఇన్ని వచ్చి కూడా ఎటు వెళ్ళాలో తెలియనివాడి బాధ ఇంకో రకం.

1883లో మద్రాసు నుంచి కుప్పుస్వామి నాయుడు అనే భాగవతార్ విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. అప్పుడు మన కుర్రాడి వయసు పంతొమ్మిదేళ్ళు. హరికథ అంటే తెలుసు కదా! మెడలో దండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు. ఒక్క మనిషే నిలబడి కథ చెప్తాడు, పాడతాడు, ఆడతాడు, నవ్విస్తాడు, ఏడిపిస్తాడు. విడివిడిగా తన దగ్గరున్న విద్యలన్నీ అక్కడ ఒకేచోట, ఒకే దేవుడి కోసం పనిచేస్తుంటే ఆయన చూశారు. ఇక వేరే వెతుకులాట లేదు. తానే ధ్రువచరిత్ర రాసుకుని, గజ్జె కట్టి, జనం ముందు నిలబడ్డారు.

మొదటి కథగా ధ్రువుణ్ణి ఎంచుకోవడం నాకు చాలా ఇష్టమైన విషయం. ధ్రువుడు అయిదేళ్ళవాడు. తండ్రి ఒళ్ళో కూర్చోబోతే సవతి తల్లి సురుచి అడ్డుపడింది. అవమానంతో అడవికి పోయాడు. నారదుడు మంత్రం చెప్పాడు. మధువనంలో తపస్సు చేశాడు. తీరా స్వామి ఎదురుగా వచ్చి నిలబడితే, స్తుతించడానికి పిల్లాడికి మాట రాలేదు. అప్పుడు విష్ణుమూర్తి తన శంఖంతో ఆ చెంప తాకాడు. మాట వచ్చింది. గొంతే జీవితం కాబోతున్న ఒక కుర్రాడు, స్వామి దగ్గర మాట పొందిన పిల్లాడి కథతో మొదలుపెట్టాడన్నమాట. ఇది కావాలని చేశారో, అలా కుదిరిందో నేను చెప్పలేను. నాకు మాత్రం అనుగ్రహంలాగే కనిపిస్తుంది.

అక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. దారి కనిపించింది ఒక్కసారిగానే, నడవడానికి మాత్రం జీవితమంతా పట్టింది. అంబరీషుడు, రుక్మిణీ కల్యాణం, రామాయణం... ఎన్నో కథలు తానే రాసి, స్వరపరిచి, ఊరూరా చెప్పారు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల కలిపి ఒకేసారి అయిదు తాళాలు నడిపేవారని ప్రసిద్ధి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఆయన్ని ఆదరించారు. కాళిదాసునీ షేక్‌స్పియర్‌నీ రసాలవారీగా పక్కపక్కన పెట్టి నవరసతరంగిణి రాశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. అంటే దైవం చూపిన పని దొరికాక మిగతా చదువులు వదిలేయలేదు. ఆ చదువంతా ఆయన గొంతుకి బలమే అయింది.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. మహారాజా వారి కొలువులో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయి గంగరాజుకి చూపు లేదు, సంగీతం నేర్చుకోవాలని ఆశ. ఆ పిల్లాడి కోసం మొదలైన ఆలోచనే కళాశాల అయిందని చెప్తారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ మన దాసు గారే. 1936లో ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ బాధ్యత తీసుకున్నారు. మనం రోజూ పొద్దున్నే భక్తిపాటల్లో వినే ఘంటసాల, సుశీల గార్లు చదువుకున్నది కూడా అక్కడే.

1945 జనవరి 2న దాసు గారు పరమపదించారు. అమ్మానాన్నలు పెట్టిన సూర్యనారాయణ అనే పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. లోకానికి మిగిలింది నారాయణదాసు, అంటే నారాయణుడి సేవకుడు. ఏ పనికోసం పుట్టారో ఆ పేరులోనే ఉంది.

అందుకే అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఇదే. నీకేం వచ్చో లెక్కపెట్టుకుంటూ గదిలో కూర్చోకు. వెళ్ళి విను. నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణం. ఆయనకీ దారి దొరికింది వింటేనే. ఏది వింటుంటే నీకు వచ్చినవన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయో, అటువైపు ఒక అడుగు వెయ్యి. ఆ అడుగుకి సాధన తోడవ్వాలి, అది మాత్రం ఎవరికీ తప్పదు.

ఈసారి శ్రీరామనవమి పందిట్లో హరికథ ఉందని తెలిస్తే, ఫోన్ జేబులో పెట్టుకుని ముందు వరసలో కూర్చోండి. ఈలోపు భాగవతం నాలుగో స్కంధంలో ధ్రువుడి కథ చదవండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళకీ చెప్పండి.

శ్రీమద్రమారమణ గోవిందో హరి!