మాంచెస్టర్‌ను నిలబెట్టిన జిమ్మీ మర్ఫీ

మాంచెస్టర్ యునైటెడ్ అనగానే ఇక్కడ పెరిగే మన పిల్లలు గడగడా పేర్లు చెప్పేస్తారు. అందులో జిమ్మీ మర్ఫీ పేరు సాధారణంగా ఉండదు. మా పిల్లలకు నేను ముందుగా చెప్పింది ఆయన గురించే.

మర్ఫీ 1910లో వేల్స్‌లోని రోండా లోయలో, బొగ్గు గనుల ఊళ్ల మధ్య పుట్టారు. చిన్నతనంలో చర్చిలో ఆర్గాన్ వాయించేవారు. 1928లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ క్లబ్బులో చేరారు. ఆడింది వింగ్ హాఫ్ స్థానంలో. ఎదుటివాళ్ల దాడిని అడ్డుకోవాలి, ముందున్నవాళ్లకు బంతి అందించాలి. వేల్స్ తరఫున 15 మ్యాచ్‌లు ఆడారు, కెప్టెన్‌గానూ చేశారు.

1945లో ఇటలీలోని బారీలో ఆయన సైనికులకు ఫుట్‌బాల్ పాఠం చెబుతుంటే మ్యాట్ బస్బీ విన్నారు. వెంటనే మాంచెస్టర్ యునైటెడ్‌లో కోచ్‌గా రమ్మన్నారు. మర్ఫీ తీర్చిదిద్దిన కుర్రాళ్లు 1953 నుంచి 1957 వరకు వరుసగా ఐదుసార్లు ఎఫ్‌ఏ యూత్ కప్ గెలిచారు.

1956 నుంచి వేల్స్ జట్టు బాధ్యత కూడా ఆయనదే. 1958 ఫిబ్రవరి 5న కార్డిఫ్‌లో ఇజ్రాయెల్‌తో వేల్స్ మ్యాచ్ ఉండటంతో యునైటెడ్ వెంట బెల్‌గ్రేడ్ వెళ్లలేదు. మర్నాడు మ్యూనిక్‌లో జట్టు విమానం కూలింది. 23 మంది చనిపోయారు, వారిలో 8 మంది ఆటగాళ్లు. ఆయనకు బదులు వెళ్లిన కోచ్ బెర్ట్ వాలీ కూడా పోయారు. బస్బీ ఆస్పత్రిలో ప్రాణాలతో పోరాడుతున్నారు.

మర్ఫీ ఒక పక్క అంత్యక్రియలకు వెళుతూనే మరోపక్క జట్టును కూడగట్టారు. 13 రోజులకే, ప్రమాదం నుంచి బయటపడ్డ గ్రెగ్, ఫోక్స్‌లకు కుర్రాళ్లను జతచేసి షెఫీల్డ్ వెన్స్‌డేపై 3-0తో గెలిపించారు. మే నెలలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లారు. అక్కడ బోల్టన్ చేతిలో ఓడారు. జూన్‌లో వేల్స్‌ను ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ చేర్చారు. పీలే కొట్టిన ఒక్క గోల్‌తో బ్రెజిల్ గట్టెక్కింది. వేల్స్ మళ్లీ ప్రపంచ కప్ ఆడింది 2022లోనే.

నాకు అన్నిటికంటే నచ్చేది ఆ తర్వాత జరిగింది. బస్బీ కోలుకుని రాగానే, మర్ఫీ పెద్ద కుర్చీ అప్పగించి తన పాత పనికి వెళ్లిపోయారు. 1968లో యునైటెడ్ యూరోపియన్ కప్ గెలిచినప్పుడు దాన్ని పైకెత్తిన కెప్టెన్ బాబీ చార్ల్‌టన్. మ్యూనిక్‌లో బతికి బయటపడ్డ, మర్ఫీ దగ్గరుండి సాధన చేయించిన కుర్రాడు.

మర్ఫీ 1989లో కన్నుమూశారు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆయన విగ్రహం పెట్టింది 2023లో. ఈసారి పిల్లలతో అటు వెళితే, స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్ వైపు కూడా ఒకసారి నడవండి.