34 ఏండ్లకు విద్యార్థి అయిన స్పియర్‌మన్

మానవుని బుద్ధిని కొలవడం సాధ్యమేనా? కొలిచినచో ఆ కొలతను ఎంతవరకు విశ్వసించవచ్చును? ఈ ప్రశ్నలకు గణితమార్గమున సమాధానం వెదకిన తొలితరం శాస్త్రజ్ఞులలో చార్లెస్ ఎడ్వర్డ్ స్పియర్‌మన్ అగ్రగణ్యులు. మనోవిజ్ఞానశాస్త్రంలో డాక్టరేట్‌కు పూనుకొనే విద్యార్థులు గణాంక పాఠాలలో నేటికీ ఆయన సూత్రాలను అభ్యసిస్తూనే ఉన్నారు. అట్టి మహనీయుడు ఆ శాస్త్రంలో ఓనమాలు దిద్దినది 34వ ఏట!

స్పియర్‌మన్ 1863 సెప్టెంబరు 10న లండన్‌లో జన్మించారు. యౌవనంలో తత్త్వశాస్త్రంపై మక్కువ ఉన్నను, సైన్యంలో చేరి, బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. 1897లో ఉద్యోగానికి స్వస్తి చెప్పారు. సైన్యంలో గడచిన కాలమంతా వ్యర్థమైనదన్న చింత ఆయనను చివరివరకు వీడలేదు.

ఆనాడు ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి పుట్టినిల్లు జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం. విల్హెల్మ్ వుంట్ 1879లో అచ్చట ప్రయోగశాలను నెలకొల్పారు. స్పియర్‌మన్ ఆయన వద్ద శిష్యులుగా చేరారు. ఇంతలో బోయర్ యుద్ధం వచ్చి, సైన్యం ఆయనను తిరిగి పిలిపించింది. చదువు ఆగినది గాని జిజ్ఞాస ఆగలేదు. ఇంగ్లండులో ఉన్న ఆ రోజులలోనే గాల్టన్ రచనలు చదివి, ఒక గ్రామ పాఠశాల బాలలపై పరీక్షలు జరిపారు.

ఆ కృషి ఫలితమే 1904లో ఒక అమెరికన్ పత్రికలో వెలువడిన రెండు వ్యాసాలు. వణికే తక్కెడతో తూచినప్పుడు వచ్చే లెక్కను ఎట్లు నమ్మరాదో, దోషాలున్న పరీక్షల మార్కుల మధ్య కనిపించే సంబంధాన్నీ అట్లే యథాతథంగా నమ్మరాదని మొదటి వ్యాసం నిరూపించింది. ఆ దోషం వలన అసలు సంబంధం తక్కువగా కనిపిస్తుందని చెప్పి, సరిదిద్దే సూత్రాన్నీ అందించింది. ఒక విషయంలో రాణించే బాలలు ఇతర విషయాలలోనూ రాణించే ధోరణి కలదనీ, వీటన్నిటి వెనుక ఒక సామాన్య శక్తి ఉన్నదనీ రెండవ వ్యాసం ప్రతిపాదించింది. ఆ శక్తికి ఆయన పెట్టిన పేరు ‘జి’. కారక విశ్లేషణ అను గణాంక పద్ధతికి ఇదియే అంకురం.

విచిత్రమేమనగా, 1906లో ఆయనకు డాక్టరేట్ తెచ్చిన పరిశోధన వేరు. అది స్థాన గ్రహణంలో కలిగే భ్రమలకు సంబంధించినది. ఆయనను చిరస్మరణీయుని చేసినది మాత్రం సిద్ధాంతగ్రంథానికి వెలుపల సాగించిన కృషియే.

1907లో లండన్ యూనివర్సిటీ కళాశాలలో అధ్యాపకులై, 1931లో విరమించేవరకు అచ్చటనే బోధించారు. ఆయన శిక్షణ పొందిన ఎం.వి. గోపాలస్వామి మైసూరు విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన శాఖకు సారథ్యం వహించారు. ఆ విధంగా లండన్ పాఠం కన్నడ సీమకు చేరినది.

స్పియర్‌మన్ సిద్ధాంతం విమర్శకు అతీతం కాలేదు. ఒకే సామాన్య శక్తి లేకున్నను అట్టి గణాంక ఫలితమే రాగలదని 1916లో గాడ్‌ఫ్రే థామ్సన్ చూపారు. బుద్ధి పలు శక్తుల సమాహారమని 1930లలో అమెరికాకు చెందిన థర్‌స్టన్ వాదించారు. అంతకంటె తీవ్రమైన లోపం మరొకటి కలదు. ఓటు హక్కుకు, సంతానం కనే హక్కుకు సైతం కనీస బుద్ధిస్థాయిని నిర్ణయించవచ్చునన్న ఊహను 1912లో సహరచయితతో కలిసి వ్రాసిన వ్యాసంలో స్పియర్‌మన్ వెల్లడించారు. కొలతలో దోషముండునని లోకానికి నేర్పిన పండితుడే ఆ కొలతపై మనుష్యుల హక్కులను నిలుపజూచుట ఆయన జీవితంలో తీరని వైరుధ్యం.

1945 సెప్టెంబరు 17న, 82వ ఏట లండన్‌లో ఆయన కన్నుమూశారు. ‘జి’ పై వాదం నేటికీ తెగలేదు. మార్కులనుబట్టి పిల్లల భవిష్యత్తును నిర్ణయించబూనే ప్రతి పెద్దా ఆయన మొదటి వ్యాసం బోధించిన హెచ్చరికను మరువరాదు. 34వ ఏట పలక పట్టిన ఆయన జీవితమే అందుకు మరొక నిదర్శనం.