ప్రసంగపీఠము నుండి భోజనపు బల్ల దాకా: బిషప్ అజరయ్య గారి జీవితము



ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత గురువు గుడి ద్వారం దగ్గర నిలబడతాడు. సంఘస్థులు ఒక్కొక్కరే వచ్చి చేయి కలిపి, అయ్యగారూ, ఈ రోజు ప్రసంగం చాలా బాగుంది అని చెప్పి వెళ్తారు. ఆ మాట వినడానికి మా చెవులకు ఇంపుగానే ఉంటుంది. అయితే సోమవారం పొద్దున పొలంలో, ఆఫీసులో, బజారులో, వంటింట్లో ఆ ప్రసంగం ఏమైందని అడిగేవారెవరు? వాక్యం విని ఊరుకునేవాడు అద్దంలో ముఖం చూసుకొని మరచిపోయే మనిషి వంటివాడని యాకోబు భక్తుడు మనకు నేర్పాడు. ఈ ప్రశ్నను తన జీవితమంతా విడువక అడిగిన దైవజనుడొకరు మన తెలుగు నేల మీదనే సేవ చేసి, ఈ నేలలోనే విశ్రమించారు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

తల్లి ఒడిలో మొదటి పాఠము

అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళనాట తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై అనే గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు గ్రామ సంఘానికి గురువు. తల్లి ఎలెన్ గారు. చాలా కాలం ఎదురుచూచి ప్రార్థించిన మీదట పుట్టిన కుమారుడు కాబట్టి, హన్నా వలె ఆమె అతనిని దేవునికి ప్రతిష్ఠించి సమూయేలు పేరు పెట్టుకుంది. 1889లో తండ్రి మరణించగా ఇంటి భారం, బిడ్డ పెంపకం ఆ తల్లి మీదనే పడ్డాయి. ప్రార్థనలోనూ క్రమశిక్షణలోనూ ఆమె రాజీపడలేదు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకున్నారు గాని, పరీక్షల సమయంలో జబ్బు చేయడం వలన పట్టా చేతికి రాలేదు. ఆయన దానిని పెద్ద నష్టంగా ఎంచలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, పద్నాలుగేళ్లు దక్షిణ ఇండియా పట్టణాలలో యువకుల మధ్య తిరిగారు.

1898లో అంబు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. దక్షిణ ఇండియాలో కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెండ్లిలో కట్నం లేదు, ఆడంబరం లేదు. కట్నం పుచ్చుకోవడం పరువుగా, విందులకు అప్పు చేయడం మర్యాదగా చెల్లుతున్న రోజులవి. యువకులకు తాను చేయబోయే బోధను ఆయన ముందుగా తన పెండ్లిలోనే చేసి చూపించారు.

ఒక సిగ్గు, ఒక నిర్ణయము

1902లో ఆయన సింహళంలోని యాళ్పాణం వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ చందాలతో తామే సువార్తికులను పంపుతున్నారని చూచి సిగ్గుపడ్డారు. తిరునెల్వేలిలో తరతరాలుగా ప్రసంగాలు వింటున్న సంఘాలున్నాయి. విన్నదానిని ఇంకొకరికి చేర్చవలెనన్న భారం మాత్రం విదేశీ దొరలదే అన్నట్లు అవి ఊరుకున్నాయి. ఆ సిగ్గులో నుండి 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ధనమూ మనుష్యులూ నిర్వాహకులూ అందరూ ఇండియా వారే. 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయన ముఖ్యులు.

తిరునెల్వేలి వారు ఎన్నుకున్న సేవాస్థలము నిజాం రాజ్యంలోని డోర్నకల్, మానుకోట ప్రాంతము. ఇక్కడి భాష వారికి రాదు, తిండి వేరు, ఎండ వేరు. ఇతరులను వెళ్లమని పిలుస్తూ వచ్చిన అజరయ్య గారికి కొన్నాళ్లకు ఆ పిలుపు తనకే తగిలింది. తాను వెళ్లకుండా వెళ్లండని ఎంతకాలం ప్రసంగించగలడు? 1909లో వై.ఎం.సి.ఎ. పదవి విడిచి, డీకనుగా అభిషేకం పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు ముప్పై ఐదేళ్లు. ఆ వయసులో పిల్లలతో పాటు తానూ తెలుగు నేర్చుకున్నారు.

దొరల భోజనపు బల్ల

1910లో స్కాట్లాండు దేశపు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ప్రసంగించే అవకాశం ఈయనకు వచ్చింది. పొగడ్తలతో గడిపివేస్తే అందరూ సంతోషించేవారే. ఈయన అలా చేయలేదు. విదేశీ మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెప్పి, ఆ తరువాత ఇండియా క్రైస్తవుల హృదయంలోని బాధను బయటపెట్టారు. మీరు మా కొరకు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు సైతం ఇచ్చారు, అయితే మాతో కలిసి కూర్చుని భోజనం చేసే స్నేహం మాత్రం కరువైందన్నది ఆయన మాటల సారాంశము. సభలో కొందరికి ఆ మాట ములుకువలె గుచ్చుకున్నది. కొందరు కోపించారు. కాని ఆ మహాసభలో నేటికీ ప్రపంచ క్రైస్తవులు జ్ఞాపకం చేసుకునే ప్రసంగాలలో అది ముఖ్యమైనది.

క్రీస్తులో అందరూ ఒక్కటేనన్న బోధ నిజమైతే అది ఇంటిలోని భోజనపు బల్ల దగ్గర కనబడవలె. ఇది ఆయన దొరలకు చెప్పిన పాఠము. తరువాత అదే పాఠాన్ని తన సంఘానికీ చెప్పవలసి వచ్చింది.

చింతచెట్టు క్రింద ప్రసంగము

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెంట్ పాల్ కథీడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఇండియా దేశస్థుడు బిషప్ కావడం అదే మొదటిసారి. ఇండియా వారికి ఇంత బాధ్యత అప్పుడే ఎందుకని అడ్డు చెప్పినవారిలో దొరలేగాక మనవారూ ఉన్నారు. ఆయన వాదులాడక పనిలో దిగారు.

ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ పేటలవారు. పగలంతా ఆసాముల పొలాలలో పని. తండ్రి చేసిన అప్పు కొడుకు మెడకు చుట్టుకొని వెట్టిగా మారేది. బడి లేదు, వైద్యం లేదు. అలసటను మరపించేది కల్లుపాక. వారికి క్రీస్తును ప్రకటించడమంటే ఏమిటి? పరలోకాన్ని గూర్చి మాత్రమే చెప్పి ఎడ్లబండి ఎక్కి వెళ్లిపోతే చాలునా?

చాలదన్నారు అజరయ్య గారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యములను వెళ్లగొట్టవలెనని ఊరూరా బోధించారు. ఊరికే తిట్టి వదలలేదు. బడి పెట్టించి, ఉపాధ్యాయుని అక్కడే కాపురముంచారు. ఆయన అధ్యక్ష మండలంలో వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చు యంత్రాలు వెలిశాయి. 1930ల నాటికి గ్రామ ఉపాధ్యాయులే రెండు వేలకు పైబడ్డారు. గురువిద్య కొరకు డోర్నకల్ వచ్చే యువకులు భార్యలతో సహా రావలె, వారికీ చదువు చెప్పవలె. అంబు మరియమ్మ గారు ఈ స్త్రీల పనికి ప్రాణం పోశారు. గురువు గుడిలో చేసే ప్రసంగాన్ని ఇంట్లో గృహిణి కూడా నడిపించకపోతే అది నిలువదని ఆ దంపతులకు తెలుసు.

ఆయన గ్రామ ప్రసంగము పండితుల కొరకు కాదు. పొలం పని ముగించుకొని ప్రజలు చేరే వేళకు చెట్టు క్రిందనో గుడి అరుగు మీదనో ఒక బైబిలు కథ చెప్పి, ప్రశ్నలు అడిగి, వారి నోటనే తిరిగి చెప్పించే పద్ధతి. చదువురాని తల్లి కూడా ఆ కథను మోసుకొని పోగలదు. తెలుగు కీర్తనలు, భజనలు, కాలక్షేపములు ఆరాధనలో చేరాలని ఆయన కోరిక. బాప్తిస్మము పొందిన ప్రతివాడూ తన తలమీద తానే చేయి వేసుకొని, పౌలు భక్తుని వలె, సువార్త చెప్పకుండా తాను ఊరుకోనని ప్రమాణం చేసే అలవాటును ప్రవేశపెట్టారు. కూలివాడు, పశువుల కాపరి, ముసలమ్మ అందరూ సాక్షులే. ఏటేటా సాక్ష్య వారము పేరుతో సంఘస్థులు చుట్టుప్రక్కల ఊళ్లకు బయలుదేరేవారు.

కానుక విషయంలోనూ అంతే. పేదలు ఏమిస్తారులే అని ఆయన అనలేదు. ఇవ్వడం పేదవాని హక్కు కూడా. వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు దేవుని కుండలో వేసే తల్లులు, కోతల పండుగకు ధాన్యం, కోడి, గుడ్లు, గుమ్మడికాయ తెచ్చే కుటుంబాలు మన సంఘాలను నిలబెట్టాయి. క్రైస్తవుని ఈవిని గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము అనేక భాషలలోనికి వెళ్లింది.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్ కూడా ఆయన ప్రసంగమే. దాని స్తంభాలు దక్షిణాది ఆలయాలను, గుమ్మటాలు మసీదులను తలపిస్తాయి. క్రీస్తును నమ్మినవాడు తన దేశపు కళను బయట విడిచి రానక్కరలేదని ఆ రాళ్లు చెబుతాయి. ఏళ్ల తరబడి సాగిన కట్టడము పూర్తియై 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది.

ఒకే గిన్నె

అన్ని యుద్ధాలలోకి కష్టమైనది ఇంటిలోపలి యుద్ధము. కల్లు మానినవాడు కులం మానలేకపోయాడు. మాల పేటకు ఒక గుడి, మాదిగ పేటకు ఒక గుడి అడిగారు. ఒకే గిన్నెలోని సంస్కారాన్ని పుచ్చుకోవడానికి వెనుకాడినవారున్నారు. దొరల బల్ల దగ్గర తన జాతికి జరిగిన లోపాన్ని ఎడిన్‌బరోలో చెప్పిన మనిషి, తన సంఘంలోనే ఆ లోపాన్ని చూచి మౌనంగా ఉండలేకపోయారు. ప్రభువు బల్ల ఒక్కటేనని పట్టుబట్టారు. ఆయన పూర్తిగా గెలిచారని నేను వ్రాయలేను. వ్రాస్తే మన సంఘాలను ఎరిగినవారు నవ్వుతారు.

అయినా ఆయన ప్రయాసము వ్యర్థము కాలేదు. 1930లలో డోర్నకల్ అధ్యక్ష మండలంలో వ్యవసాయ కులాలవారు, ఇతర చేతిపనుల కులాలవారు వేల సంఖ్యలో సంఘంలో చేరారు. ఎందుకు వచ్చారని అడిగితే అనేకులు చెప్పిన కారణము బిషప్ గారి వాగ్ధాటి కాదు. తమ ఊరి పేట క్రైస్తవుల జీవితాలలో వచ్చిన మార్పును కళ్లారా చూశామని చెప్పారు. అంటరానివారని దూరముంచినవారి బ్రదుకే ఆసాములకు ప్రసంగమైంది.

ఆ రోజులలోనే పేదల మతాంతరాన్ని గూర్చి గాంధీ గారికీ అజరయ్య గారికీ గట్టి అభిప్రాయభేదం వచ్చింది. ఇద్దరూ దేశభక్తులే. క్రైస్తవులకు వేరు నియోజకవర్గాలు వద్దని, అది సంఘాన్ని ఒక రాజకీయ వర్గంగా కుదించివేస్తుందని అజరయ్య గారు బహిరంగంగానే చెప్పారు. అయితే పేదవానికి ఆత్మ విషయం తెలియదనే తలంపును ఆయన అంగీకరించలేదు. తాను ఎరిగిన గ్రామస్థుల మారిన జీవితాలే ఆయనకు ఆధారము.

1919లో తరంగంబాడిలో మొదలైన సంఘ ఐక్యతా ప్రయత్నానికీ ఆయన ఒక మూలస్తంభము. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడేనాటికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. 1912లో చిన్నదిగా ఆరంభమైన అధ్యక్ష మండలము అప్పటికి రెండు లక్షలకు పైబడిన సంఘస్థులతో నిండియున్నది.

మన మాట

ఈ వ్యాసం వ్రాస్తూ నా మనస్సాక్షి నన్ను గద్దించిన సంగతి ఒకటి దాచకుండా చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేను సేవ చేసిన ఒక పాస్టరేటులో కట్నము పాపమని ప్రసంగించాను. చాలామంది మెచ్చుకున్నారు. నెల తిరగకుండా అదే గుడిలో ఒక పెండ్లి జరిపించాను. ఎంత ఇచ్చారో, ఆ సొమ్ము కొరకు పిల్ల తండ్రి ఏ పొలం అమ్ముకున్నాడో నాకు తెలుసు. తెలిసియుండీ నోరు మెదపక ఆశీర్వాదం పలికి, విందు భోజనం చేసి వచ్చాను. నా ప్రసంగాన్ని ఆ భోజనపు బల్ల దగ్గర నేనే పాతిపెట్టాను. కట్నం లేకుండా పెండ్లాడిన అజరయ్య గారి జీవితం చదివినప్పుడెల్లా ఆ పిల్ల తండ్రి ముఖమే నా కళ్లముందు నిలుస్తుంది.

కాబట్టి సంఘస్థులారా, వచ్చే ఆదివారం ద్వారం దగ్గర ప్రసంగం బాగుందని మాత్రమే మీ గురువుతో చెప్పి వెళ్లకండి. ఆ వాక్యం ప్రకారం ఈ వారం మీరు ఏమి చేయబోతున్నారో ఒక్కటి చెప్పండి. తీర్చవలసిన బాకీ కావచ్చు, మాటలు లేని అన్నదమ్ముని ఇంటికి వెళ్లడం కావచ్చు, పని మనిషిని మీతోపాటు కూర్చోబెట్టి భోజనం పెట్టడం కావచ్చు, కుమారుని పెండ్లిలో కట్నం వద్దనడం కావచ్చు. మరుసటి ఆదివారం, అయ్యగారూ, మీరు చేశారా అని మమ్మల్ని కూడా అడగండి. మాకు కోపం రాదు. వచ్చినా అది మా మేలుకే.

మన పితరులు చింతచెట్ల క్రింద విన్న వాక్యాన్ని తమ గుడిసెలలో చేసి చూపించారు గనుక ఈ రోజు మనకు సంఘమున్నది. మన పిల్లలు మనలను గూర్చి ఆలాగున చెప్పుకొనే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.