ఆర్థర్ లిడియార్డ్

ఆర్థర్ లెస్లీ లిడియార్డ్ (జూలై 6, 1917 - డిసెంబర్ 11, 2004) న్యూజీలాండ్ దేశానికి చెందిన సుప్రసిద్ధ పరుగు శిక్షకుడు మరియు మారథాన్ పరుగువీరుడు. ముందుగా ఆయాసపడకుండా ఎక్కువ దూరము పరుగెత్తి దమ్ము పెంచుకోవాలని, వేగమును ఆ తరువాతనే అభ్యసించాలని ఇతడు బోధించాడు. ఇతని శిష్యులు 1960 మరియు 1964 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించారు. సామాన్య ప్రజలు ఆరోగ్యము కొరకు చేసే జాగింగ్ వ్యాప్తికి ఆద్యులైనవారిలో ఇతడు ఒకడు.

తొలి జీవితము

లిడియార్డ్ ఆక్లాండ్ నగరములో జన్మించాడు. బూట్ల కర్మాగారములో పనిచేసేవాడు. కొంతకాలము ఇంటింటికీ పాలు వేసే పని కూడా చేశాడు. యౌవనములో రగ్బీ ఆడుతూ, తాను మంచి దేహదారుఢ్యము కలవాడననే భావించేవాడు. సుమారు 27 సంవత్సరాల వయసులో, తనకంటే పెద్దవాడైన జాక్ డోలన్ అనే క్రీడాసంఘ నాయకుడు ఇతనిని 5 మైళ్ల (8 కి.మీ.) పరుగుకు తీసుకువెళ్లాడు. డోలన్ సునాయాసముగా పరుగెత్తగా, లిడియార్డ్ ఊపిరి అందక పూర్తిగా అలసిపోయాడు. ఈ వయసులోనే ఇలా ఉంటే మరో 20 సంవత్సరాల తరువాత తన స్థితి ఏమిటన్న ఆలోచన ఇతనిని కలవరపరచింది. ఆనాటి నుండి క్రమము తప్పక పరుగెత్తడము మొదలుపెట్టాడు.

స్వీయ ప్రయోగాలు

ఆ కాలములో పరుగు శిక్షణ అంటే ముఖ్యముగా ఇంటర్వెల్ పద్ధతియే. అనగా ట్రాకుపై కొద్ది దూరాన్ని వేగముగా పరుగెత్తి, కొంత విశ్రమించి, మరల పరుగెత్తడము. లిడియార్డ్ దీనితో తృప్తిపడలేదు. కొన్ని వారాలు చాలా ఎక్కువ దూరము, మరికొన్ని వారాలు తక్కువ దూరము పరుగెత్తి, ఏది తన శరీరానికి మేలు చేస్తున్నదో స్వయముగా పరిశీలించాడు. కొన్ని వారాలలో ఇతడు 200 మైళ్లకు పైగా పరుగెత్తాడు. ఈ ప్రయోగాలు అనేక సంవత్సరాలు సాగాయి. చివరకు వారానికి 100 మైళ్లు (సుమారు 160 కి.మీ.) తగినదని నిర్ణయించాడు. మెదక్ పట్టణము నుండి హైదరాబాదుకు ఉన్న దూరానికి ఇది సుమారు ఒకటిన్నర రెట్లు.

1950లో ఆక్లాండులో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య క్రీడల మారథానులో ఇతడు 13వ స్థానము పొందాడు. 1953 మరియు 1955లలో న్యూజీలాండ్ జాతీయ మారథాన్ విజేతగా నిలిచాడు.

శిక్షణా విధానము

లిడియార్డ్ శిక్షణను దశలుగా విభజించాడు. మొదటి దశలో, సాధారణముగా 10 నుండి 12 వారాల పాటు, క్రీడాకారుడు దీర్ఘ దూరాలు పరుగెత్తుతాడు. తరువాతి దశ కొండవాలులపై అభ్యాసము. దీనివలన కాళ్లకు బలము చేకూరుతుంది. ఆ పిమ్మటనే ట్రాకుపై వేగాభ్యాసము జరుగుతుంది. పోటీకి ముందు శ్రమను తగ్గించి శరీరానికి విశ్రాంతి ఇస్తారు.

మొదటి దశలో శ్వాసకు సరిపడిన వేగముతోనే పరుగెత్తుట వలన గుండె ఒక్కొక్క స్పందనలో ఎక్కువ రక్తమును పంపగలుగుతుంది. కండరాలలో సూక్ష్మ రక్తనాళాలు పెరిగి, ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి వృద్ధి చెందుతుంది. ఈ మార్పులకు వారాలు, నెలలు పడతాయి. ఎముకలు, కీళ్లు, స్నాయువులు శ్రమకు అలవాటుపడటానికి ఇంకా ఎక్కువ కాలము కావాలి. తొందరపడి వేగమును పెంచినవారు తరచు గాయపడటానికి ఇది ఒక కారణము.

ఈ పద్ధతిని కొందరు కేవలము నెమ్మదిగా పరుగెత్తడముగా అపార్థము చేసుకున్నారు. లిడియార్డ్ అనుభవజ్ఞులైన తన శిష్యుల నుండి నిలకడైన, చెప్పుకోదగిన వేగమునే ఆశించాడు. అలాగే 100 మైళ్ల లెక్క సుశిక్షితులకే గాని, కొత్తవారికి వర్తించదు.

ఒలింపిక్ విజయాలు

లిడియార్డ్ శిష్యులు ఆక్లాండ్ పశ్చిమాన ఉన్న వైటాకెరె కొండలలో 22 మైళ్ల (35 కి.మీ.) దారిలో పరుగెత్తేవారు. 800 మీటర్ల పందెగాడైన పీటర్ స్నెల్ కూడా ఈ దూరాన్ని అభ్యసించాడు. రెండు నిమిషాలలోపే ముగిసే పందానికి ఇంత దూరము ఎందుకని పలువురు ఆశ్చర్యపడ్డారు.

సెప్టెంబర్ 2, 1960న రోమ్ ఒలింపిక్స్ లో దీనికి సమాధానము లభించింది. మూడు రోజులలో నాలుగవ పరుగైన 800 మీటర్ల ఫైనలులో స్నెల్, ప్రపంచ రికార్డు కలిగిన రోజర్ మోయెన్స్ (బెల్జియం)ను దాటి స్వర్ణము గెలిచాడు. అదే రోజున, రగ్బీలో గాయపడి ఎడమ చేయి చచ్చుబడిన ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్ల స్వర్ణము సాధించాడు. కొద్ది రోజులకే బారీ మెగీ మారథానులో కాంస్యము పొందాడు. 1964 టోక్యో ఒలింపిక్స్ లో స్నెల్ 800 మరియు 1500 మీటర్ల పందాలు రెండింటిలోను స్వర్ణము గెలుచుకున్నాడు.

జాగింగ్ ఉద్యమము

గుండెపోటు వచ్చినవారికి వైద్యులు దీర్ఘ విశ్రాంతినే సూచించే ఆ రోజులలో, లిడియార్డ్ హృద్రోగులతో సహా నడివయసు వారిని మెల్లమెల్లగా పరుగుకు అలవాటు చేశాడు. 1960ల ఆరంభములో ఆక్లాండ్ జాగర్స్ క్లబ్ ఏర్పడింది. 1962 చివరలో న్యూజీలాండ్ వచ్చిన అమెరికా శిక్షకుడు బిల్ బోవర్‌మన్ ఈ బృందముతో పరుగెత్తాడు. గుండెజబ్బు చరిత్ర గల ఒక వృద్ధునితో సమానముగా సాగలేక ఆశ్చర్యపోయాడు. స్వదేశానికి తిరిగి వెళ్లి ఆరెగాన్ రాష్ట్రములో జాగింగ్ తరగతులు ప్రారంభించాడు. నైకీ సంస్థ స్థాపకులలో ఇతడు ఒకడు.

కొత్తవారికి లిడియార్డ్ దూరాన్ని కాక సమయాన్ని లెక్కించమని చెప్పేవాడు. ఉదాహరణకు మెదక్ చర్చి వద్ద బయలుదేరినవారు ఐదు నిమిషాలు పరుగెత్తి వెనుకకు మరలాలి. తిరుగు ప్రయాణానికి ఐదు నిమిషాలకంటే ఎక్కువ పడితే, వెళ్లేటప్పుడు వేగము ఎక్కువైనదని అర్థము. అదే సమయములో తిరిగి రాగలిగితే క్రమముగా నిమిషాలు పెంచుకోవచ్చు. పరుగెత్తుతూ పక్కవారితో మాట్లాడగలగడము కూడా సరియైన వేగానికి గుర్తు.

తరువాతి జీవితము

1960ల ద్వితీయార్ధములో లిడియార్డ్ ఫిన్లాండులో శిక్షకులకు తన పద్ధతిని నేర్పాడు. 1972 మరియు 1976 ఒలింపిక్స్ లో 5000, 10000 మీటర్ల స్వర్ణాలు నాలుగు గెలిచిన లాసె విరెన్ శిక్షణపై ఈ ప్రభావము ఉంది. గార్త్ గిల్మర్ తో కలిసి లిడియార్డ్ రచించిన రన్ టు ది టాప్ అనే పుస్తకము 1962లో వెలువడింది. 1990లో ఇతనికి న్యూజీలాండ్ దేశపు అత్యున్నత పురస్కారమైన ఆర్డర్ ఆఫ్ న్యూజీలాండ్ లభించింది.

లిడియార్డ్ వృద్ధాప్యములోను దేశదేశాలు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. అటువంటి పర్యటనలోనే డిసెంబర్ 11, 2004న అమెరికాలోని హ్యూస్టన్ నగరములో 87వ యేట మరణించాడు. దీర్ఘ దూర అభ్యాసముతో పునాది వేసి, వేగాభ్యాసమును తరువాత చేర్చే ఇతని క్రమమును మధ్య మరియు దీర్ఘ దూర పరుగు శిక్షకులు నేటికీ పలు రూపాలలో అనుసరిస్తున్నారు.