వీధిలో చూసి రోగం గుర్తుపట్టిన డాక్టరు
(జేమ్స్ పార్కిన్సన్ జీవితం)

జేమ్స్ పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్‌లో హాక్స్‌టన్ అనే పేటలో పుట్టాడు. వాళ్ళ నాన్న కూడా వైద్యుడే. నాన్న దగ్గరే పని నేర్చుకొని ఆ పేటలోనే వైద్యం చేసేవాడు. బీదవాళ్ళ కష్టాల గురించి చిన్న పుస్తకాలు రాశాడు. రాళ్ళలో దొరికే పాతకాలపు జంతువుల గుర్తులు కూడా ఏరేవాడు. ఆయనకు అన్నిటినీ ఓపికగా చూసే గుణం ఉండేది.

1817లో వణుకుడు రోగం మీద పుస్తకం రాశాడు. అందులో ఆరుగురి గురించే ఉంది. వాళ్ళలో ముగ్గురిని వీధిలోనే చూశాడు. ఊరికే పెట్టుకున్న చెయ్యి వణకడం, ముందుకు వంగి నడవడం, అన్నీ రాసిపెట్టాడు. అప్పుడు స్కానింగులు లేవు. కళ్ళే ఆయన మిషన్లు.

ఆరో మనిషికి 72 ఏండ్లు. చేతులు, కాళ్ళు వణికేవి. ఒక రాత్రి మెలకువ వచ్చేసరికి కుడి పక్క పడిపోయింది. పడిపోయినన్ని రోజులు ఆ పక్క వణుకు లేదు. చెయ్యి, కాలు బాగైనంక వణుకు మళ్ళీ వచ్చింది. పార్కిన్సన్ అది కూడా రాశాడు. వణుకు వేరు, పక్షవాతం వేరు అని, కాని రెండిటికీ మెదడుతోనే సంబంధమని ఇప్పుడు మనకు తెలుసు.

ఇది చదివితే నాకు మా చిన్నాయన యాదికొచ్చాడు. ఆయన ఉప్పల్‌లో కిరాయికి ఉండి, నాచారంలో కంపెనీ పనికి పోతాడు. ఒకరోజు ఉన్నట్టుండి ఎడమ చెయ్యి, ఎడమ కాలు విసిరికొట్టినట్టు ఊగినయి. పట్టుకున్నా ఆగలేదు. గాలి సోకిందని పక్కింటోళ్ళు అన్నారు. చిన్నమ్మ వినలేదు, వెంటనే ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. స్కానింగు తీసి, ఇది కూడా పక్షవాతమే అన్నారు. కుడి పక్క మెదడు లోపల చిన్న నరానికి రక్తం అందలేదంట. ఇట్ల రావడం అరుదంట. ఇప్పుడు చిన్నాయన మళ్ళీ పనికి పోతున్నాడు.

పార్కిన్సన్ చెప్పిన వణుకు ఏండ్ల మీద మెల్లగా పెరుగుతుంది. పక్షవాతం ఒక్కసారిగా వస్తుంది. ఈ తేడా మనం గుర్తుంచుకోవాలి.

చివరికి ఆయనకే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. 1824 డిసెంబరు 21న చనిపోయాడు. తర్వాత షార్కో అనే ఫ్రెంచి డాక్టరు ఆ వణుకుడు రోగానికి ఆయన పేరే పెట్టాడు. ఇప్పుడు ఆయన పుట్టినరోజును ప్రపంచ పార్కిన్సన్ దినంగా జరుపుతారు.

స్నేహితులారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇది అందరికీ చెప్పండి. ఎవరికైనా ఒక్కసారిగా మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా, ఒక పక్క తనంతట తానే కొట్టుకున్నా 108కి ఫోన్ చేయాలి. ఎన్ని గంటలకు మొదలైందో చూసుకోవాలి. రక్తం గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. తాయెత్తు తర్వాతైనా కట్టుకోవచ్చు, ఆ టైము మాత్రం మళ్ళీ రాదు.

– 9వ తరగతి విద్యార్థిని