మందులిచ్చిన మన సుబ్బారావుగారు

భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇద్దరు సోదరులను స్ప్రూ అనే విరేచనాల జబ్బు పొట్టనపెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి హార్వర్డులో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ స్ప్రూకే మందయింది. బోదకాలుకు హెట్రజాన్, అంటురోగాలకు ఆరియోమైసిన్ అక్కడివే. వారి అమినాప్టెరిన్‌తోనే బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సరు పిల్లలకు కొంతకాలం ఆయువు పోశారు. సుబ్బారావుగారు 1948లో 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తపాలా బిళ్ల 1995లో వచ్చింది.

డ్రాఫ్టు ఒకరిది, సంతకం మరొకరిది కావడం సర్వీసంతా చూసిన గుమాస్తాను నేను. ఆయన పేరు మరుగున పడిందంటే ఆశ్చర్యపోను. మీ ఇంట గర్భిణికి ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇచ్చేటప్పుడైనా ఆ పేరు చెప్పండి.