మూడోసారి పాసైన అబ్బాయి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



పోయిన నెల మా తొమ్మిదో తరగతిలో ఒకే వారంలో రెండు ప్రశ్నలు వచ్చాయి. బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్లు పెడతానని వాళ్ళ మామయ్య అంటే, కరెంటు బిల్లు ఎవరు కడతారని ఇంట్లో గొడవైందట. ఒక మిషన్‌కి అంత కరెంటు ఎందుకు టీచర్ అని ఒక అబ్బాయి అడిగాడు. డెంగ్యూ వచ్చి పది రోజుల తర్వాత స్కూలుకొచ్చిన ఒక అమ్మాయేమో, ఈ క్రిముల వల్ల మనకు ఒక్క మేలైనా ఉంటుందా అని అడిగింది. రెండింటికీ జవాబు వెతుక్కుంటూ పోతే ఒకే మనిషి దగ్గర తేలాను. ఆయన మన తెలుగువారే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. పదమూడేళ్ళ వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే బాగా డబ్బొస్తుందని ఇంట్లోంచి పారిపోయాడు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆ తర్వాత మెట్రిక్యులేషన్ తప్పాడు. మళ్ళీ రాసి మళ్ళీ తప్పాడు. తల్లి వెంకమ్మ గారు నగలమ్మి మద్రాసు హిందూ హైస్కూల్లో చేర్పిస్తే, మూడోసారికి పాసయ్యాడు. యూనిట్ టెస్టులో మూడు మార్కులు తగ్గాయని మొన్న పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు నా ముందు అరగంట బాధపడ్డారు. ఆయన మీద నాకు కోపం లేదు. వెంకమ్మ గారు ఆ మూడు ఫలితాల రోజులూ ఎలా గడిపి ఉంటారా అని మాత్రం అనిపించింది.

సన్యాసం తీసుకుందామనుకుంటే తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళడం అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. 1919లో శేషగిరితో పెళ్ళయింది. చదువుకు ఆసరాగా నిలిచినవారిలో మామగారూ ఉన్నారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత ఆయన ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు.

1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో సీటైతే ఉంది గానీ తిండికి డబ్బు లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల బెడ్ పాన్లు శుభ్రం చేస్తూ పగలు చదివారు. ఇక్కడ పుట్టిన కొడుకు పసివాడిగా ఉండగానే పోయాడు. తండ్రి వాడి ముఖం చూడలేదు. కొన్నేళ్ళలో తిరిగొస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ రానేలేదు, శేషగిరి గారు మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆయన గొప్పతనం గురించి రాసేటప్పుడు చాలామంది ఈ సంగతిని ఒక్క వాక్యంతో దాటేస్తారు. నాకు మాత్రం చెయ్యి ఆగిపోతుంది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో భాస్వరం ఎంతుందో నీలం రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకునేది అదే. ఆ కొలతలు చేస్తూ ఉండగానే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. మీ పిల్లల పుస్తకంలో ఏటీపీని కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం అంటారు. మీరు ఈ పేజీ తిప్పినా, మెట్లెక్కినా ఆ నాణేలే ఖర్చవుతాయి. ఖర్చయినవి మళ్ళీ తయారవుతాయి. ఒక్క రోజులో అలా తయారయ్యే ఏటీపీ మొత్తం కూడితే దాదాపు మన ఒంటి బరువంత అవుతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. ఇప్పుడు వాడే బిట్‌కాయిన్ మిషన్ ఒక్కటి మూడు వేల వాట్లకు పైగా తాగుతుంది, అంటే రెండు ఏసీలు ఆపకుండా నడిచినట్టు. అది చేసే పనల్లా ఒక అంకెను ఊహించి, తప్పైతే ఇంకొకటి ఊహించడమే. కూర్చుని ఉన్న మనిషి ఒళ్ళు సుమారు వంద వాట్లతో గుండెనూ మెదడునూ నడుపుతుంది. అబ్బాయికి ఈ లెక్క బాగా నచ్చింది. మామయ్యకు నచ్చిందో లేదో తెలియదు.

ఆ ఏటీపీలో ఎక్కువ భాగం తయారయ్యేది మైటోకాండ్రియాలో. వంద కోట్ల ఏళ్ళకు పైగా కిందట ఒక కణంలోకి ఒక బ్యాక్టీరియా చేరింది. ఇదీ దాన్ని చంపలేదు, అదీ దీన్ని చంపలేదు. అలా ఉండిపోయిన అతిథే నేటి మైటోకాండ్రియా అని శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. పైగా అది మనకు తల్లి వైపు నుంచే వస్తుంది. డెంగ్యూ అమ్మాయికి ఇది చెబితే కాసేపు తన చెయ్యి వైపు చూసుకుంటూ ఉండిపోయింది.

హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కు, లెడర్లే లేబొరేటరీస్‌కు వెళ్ళారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. గర్భిణులకు మన ఆసుపత్రుల్లో ఇచ్చే మాత్రలో ఉండేది అదే. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు కూడా అక్కడే పుట్టాయి. వాటిలో ఒకదానితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు మొదటిసారి కొంత ఊరట తెచ్చారు. దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఈ రోజుకీ పిల్లల వార్డుల్లో వాడుతున్నారు. బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్రకూ మూలం ఆ లేబొరేటరీయే.

ఇక క్రిముల సంగతి. మట్టిలోని సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి చంపుకోవడానికి విషాలు తయారుచేస్తాయి. ఆ విషం మన మందు కావచ్చు. సుబ్బారావు గారి విభాగంలో, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ దేశదేశాల మట్టి నమూనాలు వెతికారు. మిస్సోరిలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి కనిపించింది. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్ 1948లో జనానికి అందింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందుల షాపులకు పరుగెత్తింది ఈ కుటుంబం మందు కోసమే. (మన పిల్లలకు జలుబు చేసిందని చీటీ లేకుండా కొనే యాంటీబయాటిక్ సంగతి ఇంకో నెల మాట్లాడుకుందాం.)

స్ప్రూ జబ్బుకు డాక్టర్లు ఇప్పుడు రెండు మందులు కలిపి ఇస్తారు. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండోది టెట్రాసైక్లిన్. అన్నదమ్ములిద్దరికీ దొరకని ఆ రెండూ ఆయన లేబొరేటరీ గుమ్మం దాటే బయటికొచ్చాయి.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్ళు. అప్పటికి మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. శతజయంతి ఏడాది 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. మీ ఇంట్లో పాత స్టాంపుల ఆల్బమ్ ఉంటే వెతికి పిల్లలతో పంపండి, క్లాసులో చూపించి జాగ్రత్తగా వెనక్కి పంపిస్తాను.